సకినాల బదులు

సంక్రాంతికి ముందు రెండు వారాల పాటు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పల్లెల్లో కోడికూతతో మొదలై పొద్దెక్కేదాకా వాడవాడలా సాగిన రోకటిపోట్ల చప్పుడు ఇప్పుడు దాదాపుగా లేదు. ఆ చప్పుడులో తయారైన సకినం మాత్రం నిక్షేపంగా ఉంది. హనుమకొండలో, హైదరాబాదులో పిండివంటల దుకాణాల్లో ఏడాది పొడుగునా కిలోల లెక్కన అమ్ముడుపోతున్నది, అమెరికాలో ఉన్న పిల్లలకు పార్సిళ్లలో చేరుతున్నది, పెళ్లి సారెల్లో ఇప్పటికీ ముందు వరుసలోనే కనిపిస్తున్నది. వంటకం ఇంత బలంగా నిలిచి ఉండడం వల్లనే, దాన్ని ఇన్నాళ్లు నిలబెట్టిన ఒక ఏర్పాటు కనుమరుగైన సంగతి చాలామంది గమనింపుకు రాలేదు. ఆ ఏర్పాటును బదులు అనేవారు. ఒక ఇంటి పనికి ఇరుగుపొరుగువారు వెళ్లి, కూలి తీసుకోకుండా చేసి, తమ ఇంటి పని వచ్చినప్పుడు ఆ ఇంటివారిని రప్పించుకోవడం బదులు; నాట్లకు, కలుపుతీతకు ఉన్న ఈ పద్ధతే పండుగ వంటకూ వర్తించేది.

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. భూపాలపల్లి నుంచి 2019లో ములుగు వేరుపడింది; కాటారం, మహదేవపూర్ వైపు మండలాలు పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందినవి కాగా, జనగామ తాలూకా ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండి తరువాత వరంగల్‌లో కలిసింది. పాలనా హద్దులు ఇన్నిసార్లు మారినా సకినాల విషయంలో ఈ నేలంతా ఒకే తీరుగా ఉండేది. కోస్తా జిల్లాల్లో సంక్రాంతి అంటే అరిసె ముందు గుర్తుకు వస్తే ఇక్కడ సకినం గుర్తుకు వస్తుంది. అరిసెలు, గరిజెలు (పొడి కూరిన కజ్జికాయలు), మురుకులు, నువ్వుల ముద్దలు దాని వెనుక నడుస్తాయి. వీటన్నిటినీ కలిపి అప్పాలు అంటారు. పండుగ దగ్గరపడ్డాక ఆడవాళ్లు ఒకరినొకరు పలకరించుకునే మాట కూడా అప్పాలు చేసుకున్నరా అనే ఉండేది.

బియ్యానికి ఆ రోజుల్లో ఉన్న గౌరవం తెలియకపోతే ఈ శ్రమ అర్థం కాదు. కాకతీయుల కాలపు చెరువుల కింద, గణపురం చుట్టుపట్ల వరి పండేది గాని, జనగామ మెట్టనేలల్లో రోజువారీ తిండి జొన్నరొట్టె, జొన్న గటక (జొన్న రవ్వను ఉడికించి చేసే సంకటి) మాత్రమే. వరి అన్నమే పండుగ అయిన ఇళ్లలో, కొత్తగా ఇంటికి చేరిన వడ్లను దంచి, ఆ బియ్యాన్ని పిండి చేసి, నూనెలో కాల్చుకోవడం ఏడాదికి ఒకసారి చేసే పెద్ద ఖర్చు. దాన్ని చెడగొట్టుకునే వీలు ఎవరికీ లేదు. నూనెలో వేయించడాన్ని ఇక్కడ కాల్చడమనే అంటారు.

ఒక చేతితో కాని పని

సకినానికి కావలసినవి నాలుగే: బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. కష్టమంతా తడి దగ్గర ఉంది. రాత్రంతా నానిన బియ్యాన్ని వడకట్టి, నీడలో గుడ్డ మీద పరిచి, పైతడి పోయి లోపలి చెమ్మ నిలిచి ఉన్న సమయం చూసి దంచాలి. మరీ ఆరితే పిండి గరుకై మెలిక తిరగదు, తడి ఉండగానే దంచితే రోకలికి అంటుకుని ముద్ద కడుతుంది. తడిపిండి నిలువ ఉండదు, పులుస్తుంది. గుడ్డ మీద పోసిన సకినం తగినంత ఆరకముందు ఎత్తితే చేతికి రాదు, వచ్చినా నూనెలో చిందుతుంది. అదను దాటితే గుడ్డను పట్టుకుని ముక్కలవుతుంది. అంటే దంచడం, జల్లించడం, కలపడం, పోయడం, ఎత్తడం, కాల్చడం అనే ఆరు పనులూ ఒకదాని వెనుక ఒకటి ఒకే పూటలో నడవాలి, వాటిలో కనీసం మూడు ఏకకాలంలో నడవాలి.

కొలత కూడా చిన్నది కాదు. ఊళ్లలో 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం అనే లెక్క నడిచిన కాలంలో, ఉన్నంతలో ఉన్న ఇల్లు పండుగకు కుంచాల లెక్కన బియ్యం నానబోసేది. ఎంత చేయి తిరిగిన ఇల్లాలైనా అంత పిండిని ఒంటరిగా ఒక పూటలో సకినాలుగా మార్చలేదు. అరిసెకు ఇద్దరుంటే సరిపోతుంది, ఒకరు పాకం తిప్పుతుంటే ఒకరు పిండి పోయాలి. గరిజెలు ఇంటి మనుషులే రాత్రి పూట కూర్చుని చేసుకోగలరు. సకినానికి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఈ ప్రాంతంలో ఇరుగుపొరుగు కలిసి చేసే పండుగ వంట అంటే ముందుగా చెప్పవలసింది దీని గురించే.

వంతులు వేయడం వాడలో పెద్దవయసు స్త్రీల పని. కొత్తగా పెళ్లయిన బిడ్డ ఉన్న ఇంటికి మొదటి వంతు దక్కేది, ఎందుకంటే అత్తవారింటికి పంపే సారె పండుగకు ముందే అందాలి. ఆ తరువాత పసిపిల్లల తల్లులున్న ఇళ్లు, చివర మనుషులు ఎక్కువున్న ఇళ్లు. పిలుపుకు మర్యాదలు ఉండేవి కావు. ముందురోజు మాపటి వేళ గోడ మీది నుంచి, రేపు మా ఇంట్ల సకినాలు, జల్ది రా వదినె, అంటే చాలు. వదినె, అక్క, చిన్నమ్మ, అత్త అనే ఊరి వరుసలు కులం దాటి కూడా నడిచేవి గనుక పిలుపు పనిమనిషికి చెప్పినట్టుగా గాక చుట్టానికి చెప్పినట్టుగానే ఉండేది.

లెక్క ఎక్కడా రాయలేదు, ఎవరూ మరువనూలేదు. గంటలను గాక చేతులను లెక్కపెట్టడం అందులోని సూత్రం: ఒక ఇంటి నుంచి అత్త, కోడలు ఇద్దరూ వస్తే ఆ ఇంటికి రెండు చేతుల బదులు ఉన్నట్టు. రోకలి ఎత్తలేని ముసలమ్మ ఉయ్యాల దగ్గర కూర్చుని పనికి వచ్చినవారి పిల్లలందరినీ చూసుకుంటే అదీ ఒక చేయి కిందనే లెక్క. ఆమె ఇంట్లో బియ్యం నానిన నాడు నలుగురు వచ్చి చేసిపెట్టి పోయేవారు.

రోలు, కుందెన, రోకలి

పెరట్లో సగం దాకా పాతిన రాతి రోలు, దాని మూతి చుట్టూ గింజ చెదరకుండా పెట్టే కుందెన అనే పట్టె, ఇనుప పొన్ను తొడిగిన రోకళ్లు, మేదరి అల్లిన చాట, జల్లెడ: పిండి కొట్టే పనికి ఉన్న సామానంతా ఇంతే. రోకలి కొసన ఉండే ఇనుప కట్టునే పొన్ను అంటారు. అది వదులైతే పోటు పక్కకు పోతుంది గనుక పండుగ నెల పడగానే రోకళ్లు కమ్మరి కొలిమికి చేరేవి.

ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడి, ఒకరి రోకలి లేస్తుండగా మరొకరి రోకలి దిగేట్టు దంచేవారు. మూడో ఆమె రోలు పక్కన గొంతుకూర్చుని, రెండు పోట్ల మధ్య దొరికే రెప్పపాటు కాలంలో చేయి పెట్టి అంచుకు ఎక్కిన బియ్యాన్ని లోపలికి తోసేది. ఆ చేతికి దెబ్బ తగలకపోవడానికి కారణం చూపుకంటే చెవి. పోటు పోటుకూ ఉన్న ఎడం చెవికి పట్టుబడితేనే చేయి పెట్టనిచ్చేవారు. బియ్యం గింజగా ఉన్నంతసేపు చప్పుడు గట్టిగా, పదునుగా ఉండేది, పిండి అవుతున్నకొద్దీ మెత్తబడి నేలలోకి దిగినట్టు వినిపించేది. పక్క వంటింట్లో ఉన్న మనిషి ఆ తేడా విని జల్లెడ పట్టుకుని వచ్చేది. జల్లెడలో మిగిలిన ముతక మళ్లీ రోటికి పోయేది, మెత్తని పిండి తడిగుడ్డ కింద చేరేది.

ఊపిరి తప్పకుండా ఉండటానికి పాట ఉండేది. దంపుడు పాటలని పిలిచే ఈ పాటలను, విసుర్రాతి పాటలను, నాట్ల పాటలను పండితులు సాహిత్యంగా గుర్తించడానికి చాలా కాలం పట్టింది. వరంగల్ ప్రాంతంలోనే పుట్టిన బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి, ఇటువంటి పాటల అధ్యయనానికి విశ్వవిద్యాలయాల్లో చోటు కల్పించారు. పాట పుస్తకంలోకి ఎక్కిన తరువాతి తరానికే రోలు పెరట్లో నుంచి లేచిపోయింది. పుస్తకంలో మాటలు దక్కాయి; ఏ పదం దగ్గర రోకలి దిగేదో దంచిన చేతులకే తెలుసు.

గుడ్డ మీద పోత

ఎర్రమట్టితో అలికిన నేల మీద ఉతికిన తెల్లని పాత ధోవతులు పరిచేవారు. పాతదే కావాలి, వాడి వాడి మెత్తబడిన నూలు గుడ్డ పిండిలోని నీటిని పీల్చుకుంటుంది, కొత్త గుడ్డకు ఉన్న గంజి పీల్చనివ్వదు. చాలా ఇళ్లలో ముందుగా పిండి ముద్దతో గౌరమ్మను చేసి గుడ్డ నడుమ పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, దాని చుట్టూ మొదటి సకినాన్ని చుట్టేవారు. ఆ మొదటి చుట్టు వాడలో చేయి మంచిదని పేరున్న ముత్తయిదువది.

పిండి కలపడం ఒక్కరి బాధ్యత. కడిగిన నువ్వులు, అరచేతిలో నలిపిన వాము, ఉప్పు వేసి, నీళ్లు చిలకరిస్తూ కలిపిన పిండిని ఆమె గుప్పెడు తీసుకుని, బొటనవేలితోనూ మొదటి రెండు వేళ్లతోనూ ఒక చిన్న చుట్టు చుట్టి చూసేది. వేళ్ల మధ్య నుంచి దిగే పోగు తెగితే నీళ్లు చాలలేదని, నేల మీద పడగానే చదునైపోతే ఎక్కువైందని గుర్తు. పోగు గుండ్రంగా నిలబడి, మెలిక మీద మెలిక పడి, తాడు పేనినట్టు కనిపిస్తే పిండి కుదిరినట్టు. నువ్వులు సరిగా కడగకపోతే, వాటిలో పుల్లముక్కలు మిగిలితే పోగు అక్కడే ఆగుతుంది. అందుకే నువ్వుల గిన్నె చూపు బాగున్న పిల్లల ముందుకు వెళ్లేది.

పోసే స్త్రీలు గుడ్డ చుట్టూ బాసిపట్టు వేసుకుని కూర్చునేవారు. ఎడమ చేతిలో పిండి ముద్ద, కుడి చేతి వేళ్ల నుంచి నిలువుగా దిగే పోగు, ఆ పోగును బొటనవేలు ఎప్పటికప్పుడు మెలితిప్పుతుండగా చేయి మొత్తం గుండ్రంగా తిరగడం, ఇవన్నీ ఒకేసారి జరగాలి. లోపలి చుట్టుతో మొదలుపెట్టి బయటికి వస్తూ, ఇంటి వాడకానికైతే మూడు నాలుగు చుట్లు, సారెకైతే అంతకంటే పెద్దవి పోసేవారు. చుట్టుకు చుట్టు ఆనాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. ఆనకపోతే నూనెలో విడిపోతుంది, ఎక్కితే అక్కడ పచ్చి మిగులుతుంది. చుట్టు ముగిసే చోట కొసను అతికించే తీరులో ఎవరి చేయి వారిదే. కొందరు కొసను లోపలికి మడిచేవారు, కొందరు పక్క చుట్టుకు నొక్కి వదిలేవారు. కాలిన తరువాత కూడా ఆ కొస చూసి ఇది ఫలానా వారి చేతిదని గుర్తుపట్టడం వాడ ఆడవాళ్లందరికీ తెలిసిన విద్య, ఒక చేతిని మెచ్చుకోవడానికీ మరొక చేతిని సరిదిద్దడానికీ అదే ఆధారం.

పదేళ్లు దాటిన ఆడపిల్లకు గుడ్డ మూల ఒకటి ఇచ్చేవారు. ఆమె పోసిన వంకరటింకర చుట్లను ఎవరూ చెరిపేవారు కారు. అవి చివరి వాయిలో కాలి పిల్లలకే పంచబడేవి. వాయి అంటే మూకుడులో ఒక దఫాకు పట్టినన్ని. రెండు మూడు పండుగలు గడిచేసరికి ఆ పిల్ల గుడ్డ నడుమకు జరిగేది. ఈ చదువుకు ఒక పాఠం చెప్పినవారెవరూ లేరు, పక్కన కూర్చున్న పెద్దామె చేయి చూస్తూ తన చేయి తిప్పుకోవడమే. ఇంట్లో ఒంటరిగా నేర్చుకునే అవకాశం లేని విద్య గనుక, కూర్చునే వరుస పోగానే నేర్చుకునే దారీ మూసుకుపోయింది. నలభై ఏళ్లలోపు స్త్రీలలో సకినం తినడం తెలిసినవారు ఎక్కువ, పోయడం తెలిసినవారు తక్కువ అన్న మాట ఇళ్లలో వినబడుతున్నదంటే కారణం వారి బద్ధకం కాదు.

చేతులు పనిలో ఉంటే నోళ్లు ఖాళీగా ఉంటాయి. ఏ ఊళ్లో పిల్ల ఉంది, ఏ ఇంట్లో బర్రె ఈనింది, ఎవరి బిడ్డ అత్తవారింట్లో సుఖంగా లేదు అన్న సంగతులు గుడ్డ చుట్టూనే తిరిగేవి. తలవంచుకుని పని చేస్తున్నప్పుడు ఒకరి కళ్లలోకి ఒకరు చూడనక్కరలేదు గనుక, ఎదురుగా చెప్పుకోలేని కష్టం కూడా అక్కడ బయటికి వచ్చేది. భర్త కొట్టాడన్న మాట, కడుపులో గడ్డ ఉన్నదన్న మాట, బాకీ తీరలేదన్న మాట ముందుగా అక్కడే వినిపించి, ఆ తరువాత పెద్దల దాకా పోయేవి. పేరంటానికి, గుడికి, బాయిగడ్డకు ఇంత తీరిక ఉండేది కాదు.

మూకుడు దగ్గర

పొయ్యి ఆరుబయట ఉండేది. కట్టెలు చీల్చడం, నీళ్లు తోడటం, గానుగ నుంచి నూనె తేవడం మగవారి వంతు. ఆ తరువాత వారు ఆ చుట్టుపక్కల కనిపించేవారు కారు. నువ్వుల నూనె గాని, పల్లి నూనె గాని, కుసుమ నూనె గాని, ఆ ఏడు ఇంట్లో ఏ గింజ ఉంటే అది. ఆరిన సకినాన్ని పలుచని రేకుతోనో పళ్లెం అంచుతోనో గుడ్డ మీది నుంచి జార్చి, చుట్టు చెదరకుండా నూనెలోకి దించి, సన్నని పుల్లను నడిమి సందులో దూర్చి తిప్పేవారు. ఎర్రబడితే చేదెక్కుతుంది, తెల్లదనం పోకుండా, నువ్వు గింజ వాసన లేచేసరికి తీయాలి. మంటను కట్టె ముందుకు తోసి, వెనక్కు లాగి అదుపు చేస్తూ పొగలో కళ్లు నలుపుకుంటూ పూటంతా కూర్చున్న స్త్రీకి మరునాడు రెప్పలు ఉబ్బి ఉండేవి.

మొదటి వాయి దేవుని దగ్గరకు పోయే వరకు ఎవరూ నోట్లో వేసుకునేవారు కారు. ఆఖరున మిగిలిన పిండిలో పచ్చిమిరప, ఉల్లికాడ, నానిన శనగపప్పు కలిపి, సర్వ అనే లోతు గిన్నె అడుగున చేత్తో అద్ది, నడుమ చిల్లులు పెట్టి, చెంచాడు నూనెతో కాల్చేవారు. అదే సర్వపిండి. పొద్దున్నుంచి నడుం వంచినవారందరికీ ఆ పూట భోజనం అదే, వాడ మొత్తం ఒకే గిన్నె నుంచి తుంచుకుని తిన్న భోజనం కూడా అదే.

ఎవరి వాటా వారికి

చల్లారిన సకినాలు కొత్త కుండల్లోకి, తరువాతి రోజుల్లో రేకు డబ్బాల్లోకి చేరి నెల దాకా కరకర తగ్గకుండా ఉండేవి. వాటికి పోయే దారులు చాలా ఉండేవి. ఆడబిడ్డల ఇళ్లకు సారె ఒకటి. జనగామ, మహబూబాబాద్, డోర్నకల్ స్టేషన్లలో పండుగ ముందు రోజుల్లో గుడ్డమూతి కట్టిన డబ్బాలతో ఎక్కే తండ్రులు, అన్నలు ఆ రైలుమార్గానికి తెలిసిన దృశ్యమే. సంక్రాంతి నోములు మరొకటి. ముత్తయిదువలు పసుపు కుంకుమలతో పాటు ఒక్కో వస్తువును 13 చొప్పున పంచే ఆచారం ఇక్కడి ఇళ్లలో ఉంది. ఊరికి కుండ చేసే కుమ్మరి, బట్ట ఉతికే చాకలి, కత్తి సానపట్టే కమ్మరి, చాట అల్లే మేదరి వంటి వృత్తులవారికి పంట కళ్లంలో గింజ ఇచ్చినట్టే పండుగకు అప్పాలు ఇచ్చేవారు.

గడి రోలు, వాడ రోలు

ఇదే నేలలో ఇదే రోకలితో మరో రకం దంపుడు కూడా ఉండేదని చెప్పకపోతే ఈ వర్ణన సగం అబద్ధమవుతుంది. నిజాం కాలంలో దొరల గడీల్లో, అంటే కోటల వంటి ఇళ్లలో, వెట్టి ఉండేది; కూలి గాని బదులు గాని లేకుండా వృత్తుల వారీగా, కులాల వారీగా ఊరివారితో చేయించుకునే చాకిరి అది. కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం, వడ్లు దంచడం దానిలోవి. గడిలో పండుగ అంటే ఊరికి రెట్టింపు వెట్టి. అప్పటి జనగామ తాలూకాలోని పాలకుర్తిలో రజక స్త్రీ అయిన చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు లొంగక తన చేను పంటను దక్కించుకోవడం, కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య తూటాకు బలికావడం ఈ దొరతనానికి ఎదురుతిరిగిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో అందరికీ తెలిసిన ఘట్టాలు.

గడి రోటి దగ్గర దంచిన చేయికి తిరిగి వచ్చేది ఏమీ లేదు, వాడ రోటి దగ్గర దంచిన చేయికి మరో చేయి తిరిగి వచ్చేది. బదులు అనే లెక్కకు ఈ ప్రజలు ఇచ్చిన విలువను ఈ తేడా నుంచే కొలవాలి. తిరిగి రాని చాకిరి ఎంత చేదో తెలిసినవారు తిరిగి వచ్చే పనిని ఎంతో పట్టింపుతో కాపాడుకున్నారు.

అయితే వాడ రోటి చుట్టూ ఉన్న వలయానికీ గోడలున్నాయి. ఊరి వరుసలు కులం దాటినా వంటగుడ్డ దగ్గర కూర్చునే హక్కు అన్ని కులాలకూ ఉండేది కాదు. దళితవాడ సకినాలు దళితవాడలోనే, మడి పాటించే ఇళ్లవి ఆ ఇళ్లలోనే. గుడ్డ ఉతికి తెచ్చిన రజక స్త్రీ చాలాచోట్ల ఆ గుడ్డ అంచున కూర్చోలేదు. నెలసరి మూడు రోజులు ఏ స్త్రీ అయినా దూరంగా ఉండవలసిందే. పండుగ వంటలోని సామరస్యాన్ని తలచుకునేవారు ఈ గోడలను కూడా తలచుకోవాలి.

బొగ్గుబాయి కాలనీలో

ఈ గోడలు కొంతైనా తగ్గిన చోటు భూపాలపల్లి. కాకతీయ గనులు తెరిచాక సింగరేణి కార్మికులు కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం వైపుల నుంచి బదిలీ మీద కుటుంబాలతో వచ్చి కంపెనీ క్వార్టర్లలో చేరారు. క్వార్టర్ల వరుస ఊరి వాడ వంటిది కాదు. పక్కింటివారు ఎవరో కులం గాని, చుట్టరికం గాని నిర్ణయించలేదు, కంపెనీ కేటాయింపు నిర్ణయించింది. అయినా పండుగ వచ్చేసరికి ఊళ్లో నుంచి తెచ్చుకున్న బదులు అక్కడ మళ్లీ మొలిచింది. వంతులు షిఫ్టులను బట్టి పడేవి: భర్త రాత్రి షిఫ్టు దిగి నిద్రపోయే ఇంట్లో పొద్దున దంచరాదు గనుక ఆ ఇంటి సకినాలు మధ్యాహ్నానికి జరిగేవి, మొదటి షిఫ్టు ఇంటివి తెల్లవారుజామునే మొదలయ్యేవి. కట్టెలకు బదులు బొగ్గు పొయ్యి. దాని వేడి నిలకడగా ఉండి సకినానికి అనుకూలించేది. ఒక జిల్లా చేయి మరో జిల్లా చేయికి నేర్పింది.

 

గిర్ని వచ్చాక

మార్పు ఒక్క దెబ్బతో రాలేదు. ముందుగా పిండి గిర్ని వచ్చింది. గిర్ని అంటే పిండి మర. తడి బియ్యం పట్టేందుకు పండుగ వారంలో గిర్నివారు వేరే వేళ కేటాయించేవారు, తెల్లవారకముందే డబ్బాల వరుస కట్టేది. రోటి పక్కన జరిగిన మాటలు కొంతకాలం ఆ వరుసలో జరిగాయి. భుజాలు, నడుములు నిజంగానే ఊపిరి పీల్చుకున్నాయి; రోకలి పోటుకు గర్భిణులు, బాలింతలు పడిన బాధ తెలిసినవారెవరూ రోలు తిరిగి రావాలని కోరరు.

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక మెట్టప్రాంతపు ఇళ్లలో వరి అన్నం నిత్యమైంది, దేవాదుల ఎత్తిపోతల నీళ్లు జనగామ చెరువులకు చేరాక చేలల్లోకీ వరి వచ్చింది. ఇది కరువు తెలిసిన నేలకు వచ్చిన మేలు. బియ్యప్పిండి వంట పండుగ దాకా ఆగవలసిన అవసరం కూడా దానితోనే పోయింది. 1999లో మొదలైన దీపం పథకం కింద, ఆ తరువాత ఇతర పథకాల కింద గ్యాస్ పొయ్యిలు పల్లె ఇళ్లకు చేరి ఆడవారి కళ్లను పొగ నుంచి కాపాడాయి, అదే సమయంలో ఆరుబయటి మూకుడును వంటింటి లోపలికి, ఒకరే నిలబడగల చోటికి తీసుకుపోయాయి. అరుగులు, వాకిళ్లు ఉన్న పెంకుటిళ్ల స్థానంలో గోడకు గోడ ఆనిన స్లాబు ఇళ్లు లేచాయి; నాలుగు ధోవతులు పరిచే నేల ఎక్కడా మిగల్లేదు.

అన్నిటికంటే పెద్ద కారణం మనుషులు లేకపోవడం. పనులకోసం భివండికి, సూరత్‌కు, గల్ఫ్‌కు, చదువుల కోసం హైదరాబాదుకు వాడలు ఖాళీ అయ్యాయి. బదులు నడవాలంటే ఇవాళ చేసిన చేయి వచ్చే వారమూ, వచ్చే ఏడూ అక్కడే ఉంటుందన్న నమ్మకం కావాలి. పండుగకు ముందురోజు బస్సు దిగి కనుమ మరునాడు బస్సెక్కే ఇంటితో ఆ లెక్క కుదరదు. అటువంటి ఇల్లు డబ్బిచ్చి చేయించుకోవడం న్యాయమే, దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

డబ్బు తెచ్చిన మేలు కూడా పక్కనపెట్టరానిది. ఏ వాడలోనైనా చేయి తిరిగిన స్త్రీలు ఇప్పుడు కిలో లెక్కన కూలికి సకినాలు పోస్తున్నారు, మహిళా సంఘాలు ఆర్డర్ల మీద చేస్తున్నాయి, దుకాణాలు ఏడాదంతా చేయిస్తున్నాయి. మెచ్చుకోలు తప్ప మరేదీ దక్కని నేర్పుకు మొదటిసారి ధర పలికింది. పోసిన చేతి కులం కొనేవారు అడగడం లేదు. ఒకప్పుడు గుడ్డ అంచున కూర్చోనివ్వని చేతులు చేసిన సకినాలు ఇవాళ అన్ని ఇళ్ల దేవుని గూళ్ల ముందుకూ పోతున్నాయి. పాత ఏర్పాటు తన అంతట తాను ఈ పని ఎన్నటికీ చేసి ఉండేది కాదు.

పోయినది మరోచోట ఉంది. కూలికి వచ్చిన స్త్రీ పని కాగానే డబ్బు తీసుకుని వెళ్తుంది, ఇచ్చిన ఇల్లు రుణం తీరిందనుకుంటుంది. ఇద్దరి మధ్యా మరునాటికి ఏమీ మిగలదు. బదులులో పని ఏనాడూ పూర్తిగా తీరేది కాదు, ఎవరో ఒకరు ఎవరికో ఒక చేయి బాకీ ఉంటూనే ఉండేవారు. ఆ తీరని బాకీ వల్లనే మనసులు పొసగని ఇద్దరు తోడికోడళ్లు కూడా ఏటా ఒకసారి ఒకే గుడ్డకు అటూ ఇటూ కూర్చోవలసి వచ్చేది, భర్త కొట్టాడని ఎవరికీ చెప్పుకోలేని స్త్రీకి ఏటా ఒకసారి వినే చెవి దొరికేది. దుకాణంలో కొన్న పొట్లం ఈ రెంటిలో ఏదీ చేయలేదు, చేయాలని దాన్ని అడగడమూ సరికాదు.

బదులు అనే ఆ లెక్కలో ఒక్క పద్దు మాత్రం ఈ పల్లెల్లో ఇంకా చెల్లుతున్నది. మనిషి పోయిన ఇంట్లో ఆ ఏడు పండుగ చేయరు, మూకుడు పొయ్యి మీద పెట్టరు. అటువంటి ఇంటికి ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి, చుట్టాల ఇళ్ల నుంచి సకినాలు, అరిసెలు పోతాయి. రోళ్లు ఉన్న కాలంలో ఆ ఇంటి పేరున ప్రతి వంతులోనూ ఒక వాయి విడిగా తీసేవారు. ఇప్పుడు వెళ్లేవి చాలావరకు కొన్నవే అయినా, తీసుకువెళ్లడం మానలేదు, ఆ డబ్బాను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న పట్టింపు కూడా మానలేదు. ఏడాది గడిచి మైల తీరిన తరువాతి సంక్రాంతికి ఆ ఇల్లు ఎవరెవరు ఏమి తెచ్చారో గుర్తుంచుకుని, అన్ని డబ్బాలనూ నింపి వెనక్కు పంపుతుంది.